ముందు టైరు, ఆ తర్వాతే రిమ్ము

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లలో చాలామంది మొదట చేయించేది రిమ్ముల మార్పు. నచ్చిన డిజైన్ చూసుకుంటారు, ఒకటో రెండో అంగుళాలు పెద్దది తీసుకుంటారు, ఆ రిమ్ముకు ఏ టైరు దొరికితే అది ఎక్కించేస్తారు. ఈ వరస పూర్తిగా తలకిందులు. కారులో రోడ్డును తాకేది టైరు ఒక్కటే. ఇంజిను, బ్రేకు, స్టీరింగు ఏం చేయాలన్నా అరచేయంత రబ్బరు మీదుగానే చేయాలి. అందుకే ముందు ఎలాంటి టైరు కావాలో తేల్చుకోండి. దాన్ని బట్టి సైజు, సైజును బట్టి రిమ్ము వెడల్పు, అది తేలాక బరువు. అందం చివర్లో. ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. అంతా విని మళ్లీ రిమ్ముల ఫొటోలే పంపిస్తారు, అది వేరే సంగతి.

నా దగ్గరున్నది మొదటి తరం టయోటా 86 అనే స్పోర్ట్స్ కారు. లెక్కలన్నీ దాని మీదే చెబుతాను. అంకెలు లేకుండా ఈ విషయం మాట్లాడితే అన్నీ గాలి కబుర్లే అవుతాయి. మీ కారు వేరైతే మీ అంకెలు పెట్టుకోండి, పద్ధతి మారదు.

ఈ కారు 2012లో వచ్చినప్పుడు చాలా దేశాల్లో దానికి వేసిన టైరు 215/45 ఆర్17 సైజు మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ. సాఫీగా సాగే సెడాన్లకు వేసే రకం అది. టయోటా దాన్ని తెలిసే ఎంచుకుంది. మరీ వేగం లేకుండానే వెనక భాగం కాస్త జారి, డ్రైవరు దాన్ని సరిదిద్దుకుంటూ ఆడుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. గట్టి పట్టున్న టైరు వేస్తే కారు మూలల్లో బాగా వేగంగా వెళ్తుంది, నిజమే. కానీ ఆ ఆట మొదలయ్యే వేగం కూడా అంత పైకి పోతుంది, మామూలు రోడ్డు మీద అక్కడిదాకా వెళ్లకూడదు. గ్రిప్ పెరిగినంత మాత్రాన సరదా పెరుగుతుందని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఇది తెలిసి కొనండి.

కారు చేసే పనిని బట్టి టైరు

మీ కారు నెలంతా ఏం చేస్తుందో కాగితం మీద రాయండి. చేయాలనుకునేది కాదు, నిజంగా చేసేది. ఎన్ని రోజులు ఆఫీసుకు, ఎన్నిసార్లు వానలో, ఎంత హైవే మీద, ఎప్పుడైనా రేస్ ట్రాక్ మీదకి వెళ్తుందా. ట్రాక్‌కి వెళ్లేది అప్పుడప్పుడే అయితే మిగతా రోజులన్నీ ట్రాక్ టైరు మోత భరించాల్సింది మీరే.

నేను టైర్లను మూడు మెట్లుగా చూస్తాను. మొదటి మెట్టు రోజూ తిరగడానికి పనికొచ్చే సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైర్లు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్ లాంటివి ఇందులోకి వస్తాయి. ఎండలో బాగా పట్టుకుంటాయి, వానలో ఇంకా బాగా నమ్మకమిస్తాయి, మోత తక్కువ. నా లెక్కలో పదిమందిలో ఎనిమిది మందికి ఇక్కడితో ఆగడమే మంచిది.

రెండో మెట్టు ట్రాక్ రోజుల కోసం పుట్టి, రోడ్డు మీద కూడా తిరగనిచ్చే టైర్లు. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ నియోవా ఏడీ09, ఫాల్కెన్ అజెనిస్ ఆర్‌టీ660, హాంకుక్ వెంటస్ ఆర్ఎస్4 ఈ జాతివే. వీటి సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, గట్టిగా ఉంటుంది, స్టీరింగు కాస్త తిప్పగానే ముక్కు అటు తిరుగుతుంది. చిన్న రాళ్లన్నీ ఏరుకుని ఫెండర్ల (చక్రాల పైనుండే బాడీ రేకుల) లోపలికి విసురుతాయి. గాడులు తక్కువ కాబట్టి రోడ్డు మీద నీళ్లు నిలిస్తే తేలిపోయే భయం ఎక్కువ. ఇందులో కూడా ఒకదానికొకటి పోలిక లేదు. ఆర్ఈ-71ఆర్ఎస్ మొదటి మలుపు నుంచే పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. ఆర్ఎస్4 అంత పదును చూపించదు గానీ సెషన్ మొత్తం ఒకే తీరుగా ఉంటుంది, చాలా రోజులు వస్తుంది. ట్రాక్ మీద నేర్చుకునే దశలో ఉన్నవాళ్లకు నేను రెండోదే చెబుతాను.

మూడో మెట్టు టోయో ప్రాక్సెస్ ఆర్888ఆర్, పిరెల్లీ పీ జీరో ట్రోఫియో ఆర్ లాంటి సెమీ స్లిక్‌లు, అంటే గాడులు చాలా తక్కువున్న టైర్లు. రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్నా వీటి మనసంతా ట్రాక్ మీదే. చల్లగా ఉంటే పట్టు రాదు, వాన పడితే చెప్పనక్కర్లేదు. బాగా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు ఇంకాస్త గట్టిపడుతుంది, ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల రబ్బరు) మిగిలే ఉంటుంది కానీ పట్టు పోతుంది. ఇవి కావాలంటే వీటికి ఇంకో రిమ్ముల సెట్టు పెట్టుకోండి. రోజువారీ కారుకు ఎక్కించకండి.

సమ్మర్ టైరు అనే పేరు ఊరికే పెట్టలేదు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. గడ్డకట్టే చలిలో కారు కదిలిస్తే కొన్ని టైర్ల ట్రెడ్ చిట్లే ప్రమాదం కూడా ఉంది. చలికాలంలో మంచు పడే చోట ఉంటే వింటర్ టైర్లతో రెండో సెట్టు తప్పదు.

అమెరికా మార్కెట్ కోసం చేసిన టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది. 100 అంటే పోలిక కోసం పెట్టుకున్న ప్రామాణిక టైరు. 300 అంటే దానికి మూడు రెట్లు అరుగుదల తట్టుకుంటుందని అర్థం. టెక్సాస్‌లో సుమారు 11,600 కిలోమీటర్లు రోడ్డు మీద నడిపి చూసే పరీక్ష ఇది, కానీ ఆఖరికి టైరు మీద ముద్రించే అంకెను నిర్ణయించేది తయారీ కంపెనీయే. అక్కడి ఆటోక్రాస్ పోటీల్లో (కోన్‌ల మధ్య కారు నడిపే పోటీలు) వీధి టైర్ల తరగతులకు కనీసం 200 ఉండాలన్న నిబంధన వచ్చాక, అదేం విచిత్రమో, బోలెడన్ని టైర్లు సరిగ్గా 200 దగ్గరే ఆగాయి. అందుకే ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 340తో పోల్చి మార్కులు వేయకండి. ఒకే కంపెనీ రెండు టైర్లను పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. యూరప్ లేబుల్ మీద ఏ నుంచి ఈ వరకు ఉండే తడి పట్టు అక్షరం నాకు దీనికంటే ఉపయోగంగా అనిపిస్తుంది. కాకపోతే అది కొత్త టైరు తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందన్న మాటే చెబుతుంది. మలుపులో ఎలా ప్రవర్తిస్తుందో, అరిగాక ఎలా ఉంటుందో చెప్పదు.

నాలుగు చక్రాలకూ ఒకే మోడల్ టైరు వేయండి. ముందు ఒకటి, వెనక ఒకటి వేస్తే ఎండలో తెలియకపోవచ్చు, వానలో మలుపు మధ్యలో తెలుస్తుంది. పట్టు తక్కువున్న జత వెనకుంటే కారు గిర్రున తిరుగుతుంది.

సైజు లెక్క

టైరు పక్కన ఉన్న 215/45 ఆర్17 87డబ్ల్యూ అనే రాతలో 215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 45 అంటే ఆ వెడల్పులో 45 శాతం సైడ్‌వాల్ ఎత్తు. 17 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. చివరి రెండూ కంపెనీ టైరుకు ఉన్నవాటి కంటే తగ్గకూడదు. ఎంత మంచి బేరం వచ్చినా సరే.

మొత్తం చక్రం వ్యాసం లెక్కేయడం సులువు. 215లో 45 శాతం 96.75 మిల్లీమీటర్లు. పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి 193.5. దానికి 17 అంగుళాలు, అంటే 431.8 కలపండి. 625.3 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్త సైజు ఏదైనా దీనికి ఒకటి రెండు శాతంలోపే ఉండాలన్నది నేను పెట్టుకున్న గీత. 225/45 ఆర్17 వేస్తే 634.3, అంటే ఒకటిన్నర శాతంలోపు ఎక్కువ. 245/40 ఆర్17 వేస్తే 627.8, దాదాపు అంతే. 235/40 ఆర్18 మాత్రం 645.2. మూడు శాతం దాటింది. స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, ప్రతి గేరూ కాస్త పొడుగైపోతుంది, ఫెండర్ లోపల రాసుకునే అవకాశమూ ఉంది. తేలిక రిమ్ములతో సంపాదించిన చురుకుదనాన్ని పొడవైన గేర్లు మింగేస్తాయి.

వెడల్పు విషయంలో ఒక భ్రమ ఉంది. వెడల్పు టైరు వేస్తే రోడ్డును తాకే రబ్బరు అంతకంత పెరుగుతుందనుకుంటారు. ఆ ముక్క వైశాల్యం ముఖ్యంగా కారు బరువు మీద, టైరులోని గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. వెడల్పు పెంచితే ప్రధానంగా మారేది దాని ఆకారం. పొడవు తగ్గి అడ్డంగా సాగుతుంది. మలుపుల్లో ఇది మేలు చేస్తుంది, వేడి కూడా ఎక్కువ రబ్బరుకు పంచుకుంటుంది. వానలో మాత్రం కీడు, నీళ్లను పక్కకు తోయడానికి టైరు ఎక్కువ కష్టపడాలి. సుమారు 1,250 కిలోల నా కారుకు 225 చాలు. 245 వేస్తే ఎండలో ట్రాక్ మీద సమయం తగ్గుతుంది గానీ ఆ వెడల్పును వేడెక్కించడానికి అంత పని ఇవ్వాలి. రోడ్డు మీద ఆ పని ఇవ్వలేం, ఇవ్వకూడదు కూడా.

రిమ్ము వ్యాసం పెంచడం నేను ఒప్పుకోను. బ్రేకు క్యాలిపర్ (బ్రేకు డిస్కును నొక్కే భాగం) లోపల పట్టేంత రిమ్ము చాలు. అంతకు మించి పెంచే ప్రతి అంగుళం బరువును మధ్య నుంచి అంచుకు నెడుతుంది, సైడ్‌వాల్ పలచన చేస్తుంది, గుంతలో పడితే రిమ్ము వంగడం సులువు చేస్తుంది. 18 అంగుళాల్లోనే మీకు కావలసిన టైరు దొరుకుతోందంటే అది వేరే మాట, కొన్ని కార్లకు అదే పరిస్థితి. నేనైతే 17 దాటను.

రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్

ప్రతి టైరు సైజుకూ ఏ వెడల్పు రిమ్ముల మీద ఎక్కించవచ్చో తయారీదారు చెబుతాడు. 225/45 ఆర్17కి 7 నుంచి 8.5 అంగుళాలు. మధ్యస్థంగా 7.5 లేదా 8 తీసుకుంటే సైడ్‌వాల్ నిటారుగా నిలుస్తుంది. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే మలుపులో ట్రెడ్ పక్కకు వాలిపోతుంది. డబ్బు పెట్టి కొన్న పట్టు సగం అక్కడే పోతుంది. నా అనుభవంలో 215 నుంచి 225కి మారడం కంటే, అదే 225ను 7 అంగుళాల రిమ్ము నుంచి 8 అంగుళాల రిమ్ముకు మార్చడం వల్ల స్టీరింగులో ఎక్కువ తేడా కనిపించింది.

ఇక ఆఫ్‌సెట్. రిమ్ము హబ్‌కు (చక్రం బిగించే భాగానికి) తగిలే తలం, రిమ్ము మధ్యరేఖకు ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పేదే ఈ అంకె. రిమ్ము మీద ఈటీ (ET) అని ఉంటుంది. నా కారు అసలు రిమ్ము 17 × 7, ఈటీ 48. దాని బదులు 17 × 8, ఈటీ 45 పెడితే ఏమవుతుంది? 7 అంగుళాల్లో సగం 88.9 మిల్లీమీటర్లు. లోపలి వైపుకు 88.9 కూడిక 48, అంటే 136.9. బయటి వైపుకు 88.9 లోంచి 48 తీస్తే 40.9. కొత్త దానికి సగం 101.6 కాబట్టి లోపలికి 146.6, బయటికి 56.6. అంటే లోపల సస్పెన్షన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్సార్బరు కలిసిన కాలు) వైపు దాదాపు 10 మిల్లీమీటర్లు, బయట ఫెండర్ వైపు దాదాపు 16 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఇప్పుడు ఉన్న చక్రం దగ్గర కూర్చుని ఆ రెండు సందులూ కొలిచి చూసుకోండి. ముందు చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా చూడాలి. లోపల ఐదారు మిల్లీమీటర్లయినా మిగలకపోతే ఆ రిమ్ము మీకు కాదు.

బయటికి తన్నుకొచ్చినట్టు కనిపించాలని ఆఫ్‌సెట్ బాగా తగ్గించేవాళ్లున్నారు. అలా చేస్తే స్టీరింగు తిరిగే అక్షానికీ టైరు మధ్యకూ ఉన్న దూరం మారిపోతుంది. రోడ్డు ఎటు వాలితే స్టీరింగు అటు లాగుతుంది, గట్టిగా బ్రేకు వేస్తే చేతుల్లో కొట్లాడుతుంది. బేరింగుల మీద భారం కూడా పెరుగుతుంది. చూడ్డానికి బాగుండే ఈ మార్పు నడపడానికి బాగోదు.

బోల్టుల అమరిక విషయంలో సర్దుబాటు అనేదే లేదు. 86కు 5 × 100, అంటే 100 మిల్లీమీటర్ల వృత్తం మీద ఐదు స్టడ్లు. హబ్ మధ్య రంధ్రం 56.1 మిల్లీమీటర్లు, నట్ల మర 12 × 1.25 (వ్యాసం, మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో). ఇవన్నీ సుబారు నుంచి వచ్చిన కొలతలు, ఆ కారును తయారు చేసింది వాళ్ల ఫ్యాక్టరీలోనే. ఎక్కువ టయోటా కార్లకు మర 12 × 1.5 ఉంటుంది. పాత టయోటా నట్లు ఇంట్లో ఉన్నాయి కదా అని బిగించబోతే మరలు పాడైపోతాయి. బయట కొన్న రిమ్ములకు మధ్య రంధ్రం పెద్దగా ఉండటం మామూలే, 73.1 ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సందు నింపే రింగు వేయాలి, లేకపోతే హైవే వేగంలో స్టీరింగు వణుకుతుంది. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ప్లాస్టిక్ రింగులు కాకుండా అల్యూమినియంవి తీసుకోండి. బ్రేకుల వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

తేలిక రిమ్ము నిజంగా ఎంత ఇస్తుంది

చక్రంలో ఒక కిలో తగ్గిస్తే బాడీలో పది కిలోలు తగ్గించినట్టే అని ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. అది నిజం కాదు. కాగితం మీద తేలిపోయే విషయం.

దొర్లే చక్రానికి రెండు పనులున్నాయి. కారుతో పాటు ముందుకు పోవాలి, తన చుట్టూ తాను తిరగాలి. సరిగ్గా రోడ్డును తాకే చోట ఒక కిలో ఉందనుకుంటే, వేగం పెంచేటప్పుడు అది రెండు కిలోల్లా ప్రవర్తిస్తుంది. అంతకు మించి ఎప్పుడూ కాదు. మధ్యకు వచ్చిన కొద్దీ ఆ ప్రభావం తగ్గి, హబ్ దగ్గర ఒక కిలో ఒక కిలోయే. ఇప్పుడు 17 అంగుళాల రిమ్ము అంచు మధ్య నుంచి సుమారు 216 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. టైరుతో కలిపి చక్రం వ్యాసార్థం 313. 216ను 313తో భాగించి వర్గం చేస్తే 0.48 వస్తుంది. అంటే రిమ్ము అంచులో తగ్గించిన కిలో బాడీలో దాదాపు ఒకటిన్నర కిలోతో సమానం. ఒక్కో రిమ్ముకు 2 కిలోలు తగ్గితే నాలుగింటికీ 8. లెక్కకు 12 కిలోల లోపు. ట్యాంకులో పదహారు లీటర్ల పెట్రోలు తక్కువుంటే ఎంతో ఇదీ అంతే. కారు, డ్రైవరు కలిపిన బరువులో ఒక శాతం కూడా కాదు. సిగ్నల్ దగ్గర పక్క కారును దీనితో ఓడించలేరు.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది, అది ఎవరూ పట్టించుకోరు. ట్రెడ్ ఉండేది చక్రం అంచునే. అక్కడి కిలో దాదాపు రెండు కిలోలే. ఒకే సైజులో రెండు కంపెనీల టైర్ల మధ్య ఒక కిలో తేడా ఉండటం అరుదేం కాదు. రిమ్ముల కోసం గ్రాములు లెక్కపెట్టేవాళ్లు బరువైన టైరు తెచ్చి దాని మీద ఎక్కిస్తే అసలుకే ఎసరు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లయితే సైడ్‌వాల్ బలం కోసం ఇంకా బరువు పెరుగుతాయి. వాటి నుంచి మామూలు టైర్లకు మారితే బరువు, కుదుపు రెండూ తగ్గుతాయి. అయితే ఆ కార్లలో స్టెప్నీ ఉండదు కాబట్టి పంక్చర్ కిట్ డిక్కీలో ఉంచుకోవాలి.

మరి తేలిక రిమ్ము ఎందుకు? ఎగుడుదిగుళ్ల కోసం. చక్రం, బ్రేకు, హబ్ అన్నీ స్ప్రింగుకు కింద వేలాడే బరువు. గతుకు మీద చక్రం పైకి లేచాక దాన్ని మళ్లీ రోడ్డుకు అదిమే పని స్ప్రింగుది, డ్యాంపరుది (షాక్ అబ్సార్బరుది). ఆ బరువు ఎంత తక్కువైతే టైరు అంత త్వరగా రోడ్డును అందుకుంటుంది. కారు మొత్తంతో పోలిస్తే 2 కిలోలు చిన్నవే, కానీ ఒక మూలన కింద ఉండే బరువులో అది చెప్పుకోదగ్గ భాగం. గతుకుల మలుపులో కారు పక్కకు గెంతడం తగ్గుతుంది, బ్రేకు వేస్తూ గతుకు దాటినప్పుడు ఏబీఎస్ ఊరికే కంగారుపడదు. నాకు మొదట తెలిసిన తేడా ఇదే, వేగం కాదు.

ప్రకటనల్లో ఇచ్చే బరువులు నమ్మేముందు ఏ సైజుకో చూడండి. రేస్ (Rays) అనే జపాన్ కంపెనీ 1996లో తెచ్చిన వోల్క్ రేసింగ్ టీఈ37 పేరులోని 37 దాని బరువు 3.7 కిలోల నుంచి వచ్చిందే. అయితే అది 15 అంగుళాల, 6 అంగుళాల వెడల్పున్న రిమ్ము. అదే పేరుతో వచ్చే 18 అంగుళాలది అంత తేలిక కాదు, కాలేదు. సామాను తూచే కొక్కెం త్రాసు ఒకటి కొనుక్కోండి. రిమ్మునూ టైరునూ విడివిడిగా తూచండి. పాత సెట్టు బరువు తెలియకుండా కొత్తది తేలికని ఎలా చెబుతాం?

కొనే ముందు తిప్పి చూడండి

తయారీ పద్ధతులు మూడు. కరిగించి అచ్చులో పోసినవి కాస్ట్ రిమ్ములు, అన్నిటికంటే చవక. వాటినే వేడిగా ఉండగా తిప్పుతూ రోలర్లతో అంచును సాగదీసి పలచన చేస్తే ఫ్లో ఫార్మింగ్. బరువు తగ్గుతుంది, సాగదీసిన భాగంలో బలమూ పెరుగుతుంది. అల్యూమినియం దిమ్మెను భారీ ఒత్తిడితో అదిమి చేసినవి ఫోర్జ్‌డ్. తక్కువ లోహంతో ఎక్కువ బలం, ఖరీదు కూడా అంతే. నా ఓటు ఫ్లో ఫార్మింగ్‌కి. ట్రాక్ మీద తరచూ కెర్బుల (ట్రాక్ అంచు దిమ్మెల) మీదకి ఎక్కించేవాళ్లయితే ఫోర్జ్‌డ్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు, దెబ్బ తగిలినప్పుడు అవి పగిలే కంటే వంగడానికే మొగ్గు చూపుతాయి. కార్బన్ ఫైబర్ రిమ్ములు ఫోర్డ్ షెల్బీ జీటీ350ఆర్ కారుతో ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. అద్భుతమే గానీ, మన చర్చకు దూరం.

రిమ్ము వెనక వైపు తిప్పితే లోడ్ రేటింగ్ అచ్చు పోసి ఉండాలి. కారు డోరు దగ్గరి ప్లేటు మీద ప్రతి ఇరుసుకూ గరిష్ఠ బరువు ఉంటుంది. అది 900 కిలోలైతే ఒక్కో రిమ్ము కనీసం 450 మోయగలగాలి. జపాన్ ప్రమాణం జేడబ్ల్యూఎల్ గుర్తు, స్వతంత్ర పరీక్ష తర్వాత ఇచ్చే వీఐఏ గుర్తు ఉంటే ఇంకా నయం. పేరున్న డిజైన్‌కి నకలు, ఏ రేటింగూ లేదు, ధర మాత్రం మూడో వంతు అంటే అక్కడితో లేచి వచ్చేయండి. డబ్బు ఆదా చేసే చోటు ఇది కాదు.

పాత రిమ్ములు కొంటుంటే బ్యాలెన్సింగ్ మెషిన్ మీద పెట్టి తిప్పించి అంచు ఊగుతోందా చూడండి. స్పోకులు హబ్‌కు కలిసే చోట, వెనక వైపు వెంట్రుకంత పగుళ్ల కోసం టార్చి వేసి వెతకండి. కొత్తగా రంగేసి ఉంటే నేను ఇంకొంచెం అనుమానంగా చూస్తాను.

బ్రేకు క్యాలిపర్ పడుతుందో లేదో వ్యాసం ఒక్కటే చెప్పదు, స్పోకు వంపు కూడా చెప్పాలి. పెద్ద బ్రేకులు అమ్మే కంపెనీలు క్యాలిపర్ ఆకారం ఉన్న కాగితం టెంప్లేటు ఇస్తాయి. దాన్ని అసలు కొలతలో ప్రింటు తీసి అట్ట మీద అంటించి, కత్తిరించి రిమ్ము లోపల పెట్టి తిప్పి చూడొచ్చు.

బిగించే రోజు, ఆ తర్వాత

టైరు పక్కన డాట్ (DOT) అనే రాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. ఎక్కించే ముందే చూడండి, ఎక్కించాక షాపువాడితో వాదన తప్పదు. అసిమెట్రిక్ టైరుకు (లోపలి సగం, బయటి సగం గాడులు వేరుగా ఉండేది) బయటి వైపు అని రాసిన పక్క బయటికే రావాలి. బాణం గుర్తున్నవి ఆ దిశలోనే తిరగాలి. ఇది అందరికీ తెలిసిందే, అయినా షాపు నుంచి బయలుదేరే ముందు నాలుగు చక్రాల చుట్టూ ఒకసారి తిరగండి.

నట్ల గురించి మాత్రం మొహమాటపడకండి. చాలా బయటి రిమ్ములకు 60 డిగ్రీల కోన్ ఉన్న నట్లు కావాలి. హోండా లాంటి కార్ల అసలు నట్లకు గుండ్రటి బాల్ సీటు ఉంటుంది. ఒకదాని కోసం చేసింది ఇంకొకదాంట్లో బిగిస్తే పట్టినట్టే ఉంటుంది కానీ తాకేది సన్నటి గీత మీదే, తర్వాత వదులవుతుంది. గాలి గన్‌తో టకటకా బిగించేస్తే ఆపి, చక్రం కొంచెం కిందికి దించి టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న అంకెకు, నక్షత్రం వరసలో బిగించమనండి. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చల్లగా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి మీరే చూసుకోండి.

కొత్త టైరు మీద అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు కొంత మిగిలి ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి, అందులోనూ వాన పడితే మరీ జాగ్రత్త.

గాలి ఒత్తిడిని కారు తలుపు దగ్గర రాసిన అంకెతో మొదలుపెట్టండి, రోడ్డు మీదైతే అక్కడే ఉండొచ్చు. ట్రాక్ మీద ఉష్ణోగ్రత సుమారు ఐదారు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఒక పీఎస్ఐ చొప్పున పెరుగుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు కొంచెం తక్కువతో బయలుదేరి, కొన్ని ల్యాపుల తర్వాత పిట్‌లోకి వచ్చి వేడి మీద చూసి సరిచేస్తారు. సైడ్‌వాల్ మొదలయ్యే చోట సుద్దముక్కతో గీత గీయండి. గీత మొత్తం చెరిగి ఇంకా కిందికి పోతే గాలి తక్కువైంది, ట్రెడ్ అంచు దాకా కూడా చెరగకపోతే ఎక్కువైంది. రబ్బరులో సూదిలా గుచ్చి వేడి చూసే పైరోమీటర్ ఉంటే ఇంకా స్పష్టం. ఆగిన వెంటనే లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్ల చూడాలి. మధ్య ఎక్కువ వేడిగా ఉంటే గాలి తగ్గించాలి, రెండు అంచులూ వేడిగా ఉంటే పెంచాలి.

ముందు టైర్ల బయటి అంచు ఒక్కటే ఎప్పుడూ మండుతుంటే గాలితో తీరేది కాదు, నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం, చాలట్లేదు. చాలా స్ట్రట్ సస్పెన్షన్ కార్లకు ఇదే వ్యాధి, నా కారుకు కూడా. కొద్దిగా ఎక్కువ క్యాంబర్ ఇచ్చే బోల్టులు దొరుకుతాయి, వాటిని వేయించి అలైన్‌మెంట్ చేయించాలి. కొత్త టైర్లు ఎక్కించిన రోజే ఆ పని కూడా పెట్టుకోండి. వాయిదా వేస్తే బయటి అంచు గుడ్డ కనిపించేదాకా అరిగిపోతుంది, మిగతా మూడొంతుల ట్రెడ్ అలాగే ఉండగా టైరు తీసి పడేయాల్సి వస్తుంది.